సీల్స్ చూడటానికి సంక్రాంతికి వెళ్ళాలా, వేసవికా? హైదరాబాద్ నుంచి వెళ్ళే కుటుంబానికి నా సలహా

తర్వాత చదివేవాళ్ళకి కూడా అర్థం కావాలని మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా రాస్తున్నాను. నల్లగండ్ల నుంచి మీరు, మీ ఆవిడ, అయిదో తరగతి అబ్బాయి, ఒకటో తరగతి పాప, మోకాళ్ళ నొప్పులున్న మీ అమ్మగారు వెళ్తున్నారు. మీ తమ్ముడు అమెరికాలో, కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో ఉంటాడు. అందరికీ వీసాలున్నాయి. పిల్లలకి జూలో కాకుండా సముద్రం ఒడ్డున సీల్స్ చూపించాలని మీ కోరిక. సంక్రాంతి సెలవులకి వెళ్ళాలా, వేసవి సెలవులకా? అక్కడ సముద్రం అంచున పోయే హైవే వన్ మీద ఒక్క రోజులో వెళ్ళి రావచ్చా? ఆఫీసులో ఒకాయన ఆఫ్రికాలోని నమీబియా ఇంకా బాగుంటుందన్నారు, నిజమేనా?

సూటిగా చెప్పాలంటే జనవరి ఆఖరి వారం, అది కుదరకపోతే మే మొదటి వారం. ఒక్క రోజులో వెళ్ళి రావాలనుకోకండి, ఒక రాత్రి కేంబ్రియాలోనో శాన్ సిమియన్‌లోనో ఉండండి. చూడాల్సిన చోటు పేరు పియెద్రస్ బ్లాంకస్, ఆ రెండు ఊళ్ళ దగ్గరే ఉన్న తీరం. నమీబియా సంగతి చివర్లో చెప్తాను. మా అమ్మాయి శాన్ హోసేలో ఉంటుంది కాబట్టి అటు వెళ్ళినప్పుడల్లా నేను చూసి వచ్చే చోటు ఇదే. ఇక్కడ మా పక్షుల బృందంలో వాళ్ళని కూడా అక్కడికే పంపిస్తుంటాను.

మన దేశంలోనే ఎక్కడైనా చూడలేమా అని కొందరు అడుగుతుంటారు. చూడలేం. విశాఖ, సూర్యలంక, మచిలీపట్నం, ఎక్కడికెళ్ళినా మన తీరంలో సీల్స్ ఉండవు. మనకి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ళున్నాయి, అదృష్టం బాగుంటే డాల్ఫిన్లు కనిపిస్తాయి. తమిళనాడు వైపు పాక్ జలసంధిలో డ్యూగాంగ్ ఉంది, 2022లో దానికోసం ప్రత్యేకంగా అభయారణ్యం కూడా ప్రకటించారు. కానీ అది సీల్ కాదు, గడ్డి మేసే వేరే జాతి. ఒడ్డుకి కూడా రాదు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో పియర్ 39 దగ్గర చెక్క తెప్పల మీద ఒకదాని మీద ఒకటి పడుకుని అరుస్తూ ఉండేవాటిని చూసి, సీల్స్ చూసేశాం అనుకుని తిరిగొచ్చేస్తారు చాలామంది. అవి సీ లయన్స్. 1989 ఆఖర్లో, 1990 మొదట్లో ఆ పడవల రేవులోకి వచ్చి తిష్ట వేశాయి, ఇప్పటికీ ఖాళీ చేయలేదు. తేడా పట్టడం మీ పాపకి కూడా కష్టం కాదు. బయటికి చిన్న చెవి కనిపిస్తూ, ముందు ఫ్లిప్పర్ల (తెడ్డు లాంటి కాళ్ళ) మీద లేచి నడుస్తుంటే అది సీ లయన్. చెవి ఉండాల్సిన చోట చిన్న రంధ్రం మాత్రమే ఉండి, పొట్ట మీద దేక్కుంటూ పోతే అది అసలైన సీల్. పియర్ 39 చూడటానికి టికెట్ లేదు, సరదాగానే ఉంటుంది, ఒక సాయంత్రం వెళ్ళండి. అంతకు మించి దానికోసం ప్లాన్ అక్కర్లేదు.

ఇక అసలు విషయం. మనవాళ్ళు ముందు హైవే వన్ వీడియోలు చూస్తారు, రూటు వేసుకుంటారు, హోటల్ బుక్ చేస్తారు, దారిలో సీల్స్ ఉంటాయిలే అనుకుంటారు. నేనైతే తిరగేసి చేయమంటాను. సీల్స్ ఎప్పుడు ఒడ్డున ఉంటాయో చూసుకుని టికెట్ బుక్ చేయండి. రోడ్డు ఎప్పుడూ అక్కడే ఉంటుంది. (ఆ రోడ్డు అన్ని వేళలా ఉండదనుకోండి, ఆ ముచ్చట తర్వాత.)

పియెద్రస్ బ్లాంకస్‌లో ఉండేవి ఉత్తర ఎలిఫెంట్ సీల్స్. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇవి సముద్రంలోనే తిరుగుతాయి. మగవి అలాస్కా, అల్యూషియన్ దీవుల దాకా పోతాయి, ఆడవి పసిఫిక్ నడిమధ్యకి పోతాయి. పెద్దవి ఒడ్డుకి వచ్చేది ఏడాదికి రెండుసార్లు. ఒకసారి పిల్లల్ని కని జతకట్టడానికి, ఇంకోసారి పాత చర్మం వదిలించుకోవడానికి. కాబట్టి ఏ నెలలో వెళ్తే ఏం కనిపిస్తుందో ముందే తెలిసిపోతుంది.

నవంబర్ ఆఖరు నుంచి పెద్ద మగ సీల్స్ వచ్చి జాగాలు పట్టుకుంటాయి. డిసెంబర్ మధ్య నుంచి ఆడవి దిగుతాయి, దిగిన కొద్ది రోజులకే ఒక్కోటి ఒక్కో పిల్లని కంటుంది. జనవరి ఆఖరుకి ఇసుక కనపడనంతగా నిండిపోతాయి. ఫిబ్రవరి మధ్యకల్లా తల్లులు ఒక్కొక్కటే వెళ్ళిపోతాయి. మార్చిలో మిగిలేవి పాలు మానిన పిల్లలే, వాటంతట అవే ఈత నేర్చుకుంటూ ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఆడవి, కుర్రవి చర్మం మార్చుకోవడానికి మళ్ళీ వస్తాయి. లెక్కకి చూస్తే మే మొదట్లో ఉన్నన్ని ఇంకెప్పుడూ ఉండవు. జూలై, ఆగస్టుల్లో పెద్ద మగవాటి వంతు. సెప్టెంబర్‌లో వెళ్తే పెద్దగా చూసేదేమీ ఉండదు. అక్టోబర్‌లో పిల్ల మూక ఉంటుంది.

మన స్కూళ్ళ లెక్కకి ఇది ఎలా కలుస్తుందో చూడండి. సంక్రాంతికి స్కూలు ఇచ్చేది వారం రోజులు. హైదరాబాద్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి మధ్యలో ఒక చోట విమానం మారి వెళ్ళేసరికి ఒక రోజు పోతుంది, జనవరిలో టైమ్ తేడా పదమూడున్నర గంటలు, పిల్లలు మూడు రోజులు పగలు నిద్రపోయి రాత్రి ఆడుకుంటారు. అంటే సంక్రాంతి సెలవులకి ఇంకో పది రోజులు కలిపితే కానీ పని జరగదు. మీ అబ్బాయి అయిదో తరగతే, పాప ఒకటో తరగతి. ఏ పదో తరగతో అయితే నేను ఈ మాట అనేవాణ్ణి కాదు. స్కూల్లో మాట్లాడి సెలవు తీసుకోండి, జనవరి 20 తర్వాత అక్కడ ఉండేలా చూసుకోండి. స్కూలు ససేమిరా అంటే మే మొదటి వారం. ఏప్రిల్ ఆఖర్లో మన సెలవులు మొదలవుతాయి కాబట్టి బాగా కలిసొస్తుంది. సీల్స్ ఇంకా ఎక్కువ, పగలు పొడుగు, రోడ్ల టెన్షన్ తక్కువ. కాకపోతే మేలో అమెరికా వెళ్ళే అమ్మానాన్నల రద్దీ, టికెట్ల ధరలు మీకు తెలిసినవే.

మే నెల తేలిక కదా, మరి జనవరే ఎందుకు అంటున్నానంటే, మేలో అవి పడుకుంటాయి. జనవరిలో అక్కడ కథ నడుస్తుంది.

మగ సీల్ పదిహేను పదహారు అడుగుల పొడవు, రెండు టన్నుల దాకా బరువు ఉంటుంది. ముక్కు మూతి మీదికి తొండంలా వేలాడుతూ ఉంటుంది, ఎలిఫెంట్ సీల్ అనే పేరు అందుకే. అది తల వెనక్కి వాల్చి, ఆ ముక్కుని నోట్లోకి వంచి అరిస్తే సెల్లార్‌లో పాత బుల్లెట్ బండి స్టార్ట్ చేసినట్టుంటుంది. దడదడమని ఆగి ఆగి వస్తుంది, గట్టు మీద నిలబడ్డ మన ఛాతీలో కూడా తెలుస్తుంది. ఒక్కోదాని అరుపుకి ఒక్కో లయ. ఎదుటి మగవి ఆ లయ విని అరిచేది ఎవరో పోల్చుకుంటాయని, తమకంటే బలమైనదైతే తప్పుకుంటాయని 2017లో పరిశోధకులు చూపించారు. అందుకే నిజంగా రక్తం కారే కొట్లాటలు తక్కువ. ఎక్కువసార్లు ఒకటి అరుస్తుంది, రెండోది వెనక్కి తగ్గుతుంది, అంతే. ఆ పెద్ద మగవి సీజన్ మొత్తం, మూడు నెలల దాకా, తిండీ నీళ్ళూ ముట్టవు. ఒక్కసారి నీళ్ళలోకి దిగి తినొస్తే జాగా ఇంకొకడిదవుతుంది.

మీ పిల్లలు పిల్ల పుట్టడం చూడగలరా అంటే, జనవరి ఆఖర్లో రెండు మూడు గంటలు నిలబడితే అవకాశం బాగానే ఉంది. దాన్ని పట్టుకునే పద్ధతి చెప్తాను. సీల్స్‌ని చూడకండి, సీగల్స్‌ని చూడండి. తెల్లటి పక్షులు ఒక్కసారిగా ఒక ఆడ సీల్ చుట్టూ గుమిగూడి గోల చేస్తున్నాయంటే అక్కడ పిల్ల పుట్టిందనో, పుట్టబోతోందనో లెక్క. అవి వచ్చేది మాయ కోసం. మాయ పడగానే లాక్కుని పీక్కు తింటాయి, తల్లి తల విసురుతూ వాటి మీదికి అరుస్తూ ఉంటుంది. ఆ పక్కనే నల్లగా, ముడతల చర్మంతో, తడిసి ఇసుక అంటుకుని పిల్ల కదులుతుంటుంది. తల్లి దాని ముఖానికి ముఖం ఆనించి అరుస్తుంది, అది సన్నగా బదులిస్తుంది. ఆ గొంతులే తర్వాత వందల పిల్లల మధ్య ఒకదాన్నొకటి వెతుక్కోవడానికి పనికొస్తాయి.

పుట్టినప్పుడు పిల్ల ముప్ఫై కిలోలు దాటే ఉంటుంది. తల్లి నెల రోజులకి కాస్త తక్కువగా పాలిస్తుంది. ఆ పాలలో చివరికి వచ్చేసరికి సగానికి పైగా కొవ్వే. పాలు మానేసరికి పిల్ల వంద కిలోలు దాటేస్తుంది. ఈ నెలంతా తల్లి ఏమీ తినదు, తన బరువులో మూడో వంతు దాకా కరిగిపోతుంది. తర్వాత ఒక రోజు పిల్లని అక్కడే వదిలేసి సముద్రంలోకి వెళ్ళిపోతుంది, మళ్ళీ దానికోసం రాదు. మార్చిలో వెళ్ళినవాళ్ళు అయ్యో పాపం, తల్లి లేని పిల్లలని జాలిపడుతుంటారు. అక్కడున్న వాలంటీర్లు రోజూ చెప్పేదే, అవి అనాథలు కావు, వాటి జీవితం అలాగే మొదలవుతుంది.

వీటి గురించి మీ అబ్బాయితో విమానంలోనే మాట్లాడి పెట్టండి. ఎందుకంటే జనవరిలో ఆ ఒడ్డున చావులు కూడా ఉంటాయి. తుపాను గాలి, పెద్ద ఆటుపోట్లు కలిసొచ్చిన రోజున ఈతరాని పిల్లలు కొట్టుకుపోతాయి. తల్లి నుంచి తప్పిపోయినవి పాల కోసం ఇంకో తల్లి దగ్గరికి వెళ్తే అది కరిచి తరిమేస్తుంది. పెద్ద మగది అడ్డదిడ్డంగా పరిగెత్తేటప్పుడు కింద పిల్ల ఉందా లేదా చూసుకోదు. చిన్నపిల్లలు మనల్ని అడిగే మొదటి ప్రశ్న, వాళ్ళెందుకు కాపాడరు, అని. అక్కడ ఎవరూ జోక్యం చేసుకోరు. ఆ మాట ముందే చెప్తే పాప అక్కడ ఏడవదు. జతకట్టడం కూడా కళ్ళముందే, మోటుగా జరుగుతుంది. దానికి ఏం చెప్తారో మీ ఇష్టం.

మేలో వెళ్తే కనిపించేది వేరే. చర్మం, వెంట్రుకలు కలిసి పెద్ద పెద్ద పొరలుగా ఊడిపోతుంటాయి. ఒంటి మీద సగం గోధుమ రంగు, సగం బూడిద రంగు ఉండేసరికి కొత్తవాళ్ళు ఏదో రోగం అనుకుంటారు. రోగం కాదు, ప్రతి ఏడాదీ జరిగేదే. ఎండ తగిలితే ముందు ఫ్లిప్పర్‌తో ఇసుక ఎత్తి వీపు మీద చల్లుకుంటాయి, ఒళ్ళు చల్లబరుచుకోవడానికి. ఇది జనవరిలో కూడా చూడొచ్చు. అయిదు వేళ్ళు విడివిడిగా కనిపిస్తాయి ఆ ఫ్లిప్పర్‌లో, గోళ్ళతో సహా. వాటితో అవి ఒళ్ళు గోక్కోవడం పిల్లలకి తెగ నచ్చుతుంది.

ఎప్పుడు చూసినా నిద్రేనా అని మీ వాడు విసుక్కుంటే ఈ మాట చెప్పండి. సముద్రంలో ఉన్న నెలల్లో ఇవి రోజుకి సుమారు రెండు గంటలే నిద్రపోతాయని 2023లో తేలింది. అదీ ఒకేసారి కాదు, లోతుకి మునుగుతూ కొద్ది నిమిషాల చొప్పున. మామూలుగా ఒక మునక ఇరవై నిమిషాలు పైనే, పైకి వచ్చి ఊపిరి తీసుకునేది రెండు మూడు నిమిషాలు, మళ్ళీ మునక. కిలోమీటరున్నర లోతుకి వెళ్ళినవి కూడా ఉన్నాయి. ఒడ్డున పడుకున్నప్పుడు కూడా నిమిషాల తరబడి ఊపిరి బిగబట్టి ఉంటాయి, చచ్చిపోయిందేమో అనిపిస్తుంది. అప్పుడు వాచీ తీసి లెక్క పెట్టమనండి, మంచి కాలక్షేపం.

ఇవన్నీ ఈ రోజు అక్కడ ఉన్నాయంటే అదీ ఒక విచిత్రమే. పంతొమ్మిదో శతాబ్దంలో వీటి కొవ్వు నుంచి తీసే నూనె కోసం వేటాడి వేటాడి దాదాపు తుడిచిపెట్టేశారు. మెక్సికోకి చెందిన గ్వాడలూప్ అనే దీవిలో వందకి లోపు మిగిలాయని అంచనా. 1922లో మెక్సికో రక్షణ కల్పించింది, తర్వాత అమెరికా కూడా. ఈ రోజున్న లక్షల సీల్స్ ఆ కొద్దిపాటి వాటి సంతానమే. పియెద్రస్ బ్లాంకస్‌కి ఇవి మొదటిసారి 1990లో వచ్చాయి, రెండు డజన్లు కూడా లేవు. 1992లో అక్కడ మొదటి పిల్ల పుట్టింది. నాకంటే వయసులో చిన్నదైన సీల్స్ కాలనీ అన్నమాట.

రోడ్డు సంగతికి వద్దాం. సన్నీవేల్ నుంచి రెండు దారులున్నాయి. ఒకటి 101 నంబరు హైవే మీద సలీనస్ మీదుగా పాసో రోబుల్స్ దాకా వెళ్ళి, అక్కడ 46 నంబరు రోడ్డు మీద పడమటికి తిరిగి కేంబ్రియా దగ్గర హైవే వన్ ఎక్కడం. మొత్తం మూడు వందల కిలోమీటర్లు పైచిలుకు, ఆగకుండా అయితే మూడున్నర, నాలుగు గంటలు. రెండోది అందరూ కలలు కనే దారి, మాంటెరే, బిగ్ సర్ మీదుగా సముద్రం అంచునే హైవే వన్. అందంలో దానికి సాటి లేదు, ఒప్పుకుంటాను. కానీ జనవరి వానల్లో ఆ కొండలు జారతాయి. 2017లో మడ్ క్రీక్ దగ్గర కొండ చరియ విరిగిపడితే మళ్ళీ తెరిచేసరికి ఏడాది దాటింది. 2024 ఫిబ్రవరిలో రీజెంట్స్ స్లైడ్ దగ్గర జారినప్పుడు కూడా నెలల తరబడి మూతపడింది. మధ్యలో మూసేస్తే పక్క దారి దాదాపు లేనట్టే, వచ్చిన దారినే వెనక్కి రావాలి. కాబట్టి బయలుదేరే ముందు కాల్‌ట్రాన్స్ (కాలిఫోర్నియా రోడ్ల శాఖ) వాళ్ళ క్విక్‌మ్యాప్ చూడండి. గూగుల్ మ్యాప్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

జనవరిలో మీ కుటుంబానికి నేను చెప్పేది 101. సాయంత్రం అయిదు దాటితే సూర్యుడు అస్తమిస్తాడు, ఆ వంకర రోడ్డు మీద చీకట్లో డ్రైవింగ్ మీ తమ్ముడికి కూడా హాయిగా ఉండదు. ఇంకో పరీక్ష ఉంది. మీ పిల్లలు శ్రీశైలం ఘాట్‌లో వాంతులు చేసుకునే రకమా? అయితే బిగ్ సర్ ఆలోచన మానేయండి. మేలో, రోడ్డు తెరిచి ఉంటే మాత్రం వెళ్ళేటప్పుడు హైవే వన్, వచ్చేటప్పుడు 101 పెట్టుకోండి. అక్కడ బండి కుడి వైపు నడుపుతారు కాబట్టి దక్షిణానికి వెళ్ళేటప్పుడు మీ వరస సముద్రం పక్కన ఉంటుంది, ఫోటోలకి ఆగే జాగాలన్నీ మీ వైపే వస్తాయి. తిరుగు ప్రయాణంలో అయితే ప్రతి దానికీ ఎదురు వాహనాలు దాటుకుని తిరగాలి. మాంటెరేలో ట్యాంక్ నింపుకోండి, మధ్యలో పెట్రోలు బాగా ఖరీదు. ఫోన్ సిగ్నల్ కూడా చాలా దూరం ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఏ దారిన వెళ్ళినా పొద్దున్నే బయలుదేరి మాస్ ల్యాండింగ్‌లో ఒక గంట ఆగండి. రేవు పక్కన నీళ్ళలో వెల్లకిలా పడుకుని, పొట్ట మీద రాయి పెట్టుకుని గవ్వలు పగలగొట్టుకునే సీ ఆటర్స్ (సముద్రపు నీటికుక్కలు) కనిపిస్తాయి. ఒడ్డు బురదలో హార్బర్ సీల్స్ కూడా ఉంటాయి, మచ్చలతో, చిన్నగా. మధ్యాహ్నానికి బయలుదేరి చీకటి పడకముందే కేంబ్రియా చేరిపోతే సరి. మర్నాడు పొద్దున కేంబ్రియా నుంచి సీల్స్ దగ్గరికి వెళ్ళేటప్పుడు కుడి చేతి వైపు గడ్డి మైదానాలు చూస్తూ ఉండమనండి పిల్లల్ని. ఒకప్పుడు హర్స్ట్ అనే పత్రికల ఆసామి తన కోట దగ్గర జూ పెట్టాడు. దాని తాలూకు జీబ్రాలు ఇప్పటికీ ఆవుల మధ్య మేస్తుంటాయి. అన్ని రోజులూ కనిపించవు.

పియెద్రస్ బ్లాంకస్ చూడటానికి టికెట్ లేదు, బుకింగ్ లేదు, ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది. శాన్ సిమియన్ దాటాక కొద్ది కిలోమీటర్లకి రోడ్డు పక్కనే పార్కింగ్, దాన్ని ఆనుకునే చెక్కల బోర్డ్‌వాక్. మీ అమ్మగారికి ఇదే చోటు అని నేను గట్టిగా అనడానికి కారణం ఇదే. మెట్లు లేవు, ఇసుకలో నడక లేదు, వీల్‌చైర్ కూడా వెళ్తుంది. కంచె దగ్గర నిలబడితే కిందే సీల్స్, ఫోన్ కెమెరా చాలు. పొద్దున వెళ్ళడం మంచిది, సూర్యుడు వెనక నుంచి పడతాడు, గాలి కూడా మధ్యాహ్నం కంటే తక్కువ. సముద్రం పోటు మీదున్నప్పుడు సీల్స్ ఒడ్డు పైకి జరుగుతాయి, అంటే మీకు ఇంకా దగ్గరవుతాయి. ఆ రోజు పోటు ఎన్నింటికో ఫోన్‌లో చూసుకోండి. నీలం రంగు జాకెట్లు వేసుకున్న వాలంటీర్లు ఉంటారు, ఎన్ని ప్రశ్నలడిగినా విసుక్కోరు.

ఎవరూ చెప్పని సంగతి, అక్కడ బాత్రూమ్ లేదు. నీడ, కాఫీ, తినడానికి ఏమీ లేవు. వెనక్కి శాన్ సిమియన్ దగ్గర హర్స్ట్ పేరు మీదున్న బీచ్ పార్కులో టాయిలెట్లున్నాయి. వెళ్ళేటప్పుడు అక్కడ ఆగి అమ్మగారిని, పాపని తీసుకెళ్ళాకే సీల్స్ దగ్గరికి వెళ్ళండి. లేకపోతే సరిగ్గా పిల్ల పుట్టే టైముకి కారెక్కాల్సి వస్తుంది. చలి గురించి కూడా. ఉష్ణోగ్రత చూస్తే పది, పన్నెండు డిగ్రీలే కదా, మన డిసెంబర్ లాంటిదే అనిపిస్తుంది. గాలి మాత్రం సముద్రం మీద నుంచి నేరుగా వచ్చి కొడుతుంది. మన స్వెటర్లు దానికి ఆగవు, పైన గాలి ఆపే జాకెట్ ఉండాలి. అమ్మగారికి చెవులు మూసే టోపీ తప్పనిసరి. తమ్ముడింట్లో పులిహోర కలిపించుకుని కారులో పెట్టుకోండి. అక్కడి చిన్న ఊళ్ళలో శాకాహారం అంటే పిజ్జా, ఫ్రైస్. వాసన కూడా ఉంటుంది, కానీ గాలి తిరిగినప్పుడే.

పార్కింగ్ దగ్గర నేల ఉడుతలు బాగా మరిగాయి, కాళ్ళ దగ్గరికొచ్చి చేతులెత్తి అడుక్కుంటాయి. పాప చేతిలో బిస్కెట్ ఉంటే అయిపోయినట్టే. పెట్టనివ్వకండి, కరుస్తాయి, పైగా వాటికి మంచిది కాదు.

కంచె దాటి కిందికి దిగి సెల్ఫీలు తీసుకునేవాళ్ళు కనిపిస్తారు, మనవాళ్ళు కూడా ఉంటారు, చెప్పడానికి బాధగానే ఉంది. 1972 నాటి సముద్ర క్షీరదాల రక్షణ చట్టం ప్రకారం వాటిని బెదరగొట్టడమే నేరం. ఆ బరువు చూసి కదల్లేవనుకోవద్దు, తక్కువ దూరం అయితే ఇసుకలో మనకంటే జోరుగా వస్తాయి. కంచె లేని ఇంకే బీచ్‌లోనైనా సీల్ కనిపిస్తే కనీసం యాభై గజాలు దూరం పాటించండి. తల ఎత్తి మీ వైపు చూసిందంటే అప్పటికే దగ్గరికి వెళ్ళారని అర్థం. చచ్చి పడి ఉన్నదాన్ని కూడా ముట్టుకోవద్దు. 2023లో అర్జెంటీనాలో బర్డ్ ఫ్లూ సోకి పదిహేడు వేలకు పైగా ఎలిఫెంట్ సీల్ పిల్లలు చనిపోయాయి. రోగం వస్తే ఒడ్డులు మూసేస్తారు కూడా, కాబట్టి వెళ్ళే వారంలో అక్కడి పార్కుల వెబ్‌సైట్ ఒకసారి చూడటం మేలు.

ఇంత దూరం ఎందుకు, సన్నీవేల్‌కి దగ్గర్లో ఆన్యో నుయేవో పార్కు ఉంది కదా అని మీ తమ్ముడు అంటాడు. నిజమే, గంటన్నరలో వెళ్ళొచ్చు, అక్కడ కూడా ఇవే సీల్స్. డిసెంబర్ మధ్య నుంచి మార్చి ఆఖరు దాకా గైడ్‌తోనే పంపుతారు, ముందే బుక్ చేసుకోవాలి. రెండున్నర గంటలు, ఇసుక దిబ్బల మీద అయిదు కిలోమీటర్లు దాటిన నడక. ఒకటో తరగతి పాప సగంలో ఎత్తుకోమంటుంది, అమ్మగారు అసలు రాలేరు. కంచె లేకుండా గైడ్ పక్కన నిలబడి చూడటంలో ఉన్న మజా వేరు, కాదనను. మీరూ అబ్బాయీ ఇద్దరే ఇంకో రోజు వెళ్ళండి.

నమీబియా. మీ ఆఫీసాయన చెప్పింది తప్పు కాదు. స్వాకోప్‌మండ్ అనే ఊరి నుంచి ఉత్తరానికి 120 కిలోమీటర్లు ఎడారి తీరం వెంట వెళ్తే కేప్ క్రాస్ వస్తుంది. 1486లో పోర్చుగీసు నావికుడు డియోగో కావ్ అక్కడ శిలువ పాతాడు, ఆ పేరు అందుకే. ఒకే చోట లక్ష దాకా, సీజన్‌లో ఇంకా ఎక్కువ కూడా, ఫర్ సీల్స్ ఉంటాయి. నవంబర్, డిసెంబర్‌లో పిల్లలు పుడతాయి, వాటికోసం నక్కలు, బ్రౌన్ హైనాలు తిరుగుతుంటాయి. ఫోటోలు తీసేవాళ్ళకి స్వర్గం. కానీ అవి బయటికి చెవులున్న రకం, సీ లయన్స్‌కి దగ్గరి చుట్టాలు. కంపు మామూలుగా ఉండదు, బట్టల్లోంచి పోదు. జూలై నుంచి నవంబర్ మధ్య వరకు ఆ దేశంలో ప్రభుత్వ అనుమతితో సీల్స్‌ని చంపే సీజన్ కూడా నడుస్తుంది, అది తెలిసి వెళ్ళాలి. దక్షిణాఫ్రికా వైపు ఇదే జాతిలో 2024లో రేబిస్ బయటపడింది, కాబట్టి ఆ తీరంలో ఈత కొట్టేటప్పుడు కూడా జాగ్రత్త. బండి మనలాగే ఎడమ వైపు నడుపుతారు, అది ఒక్కటే సౌకర్యం. ఉప్పు, కంకర రోడ్లు, గంటల తరబడి మనిషి కనిపించని దారి. పిల్లలు పెద్దయ్యాక మీరిద్దరూ వెళ్ళండి. అమ్మగారితో వద్దు.

ఇంకొక్కటి. మీరు కూడా కాసేపు నడుపుతానంటే కాలిఫోర్నియాలో టూరిస్టుగా మన లైసెన్స్ చెల్లుతుంది. అద్దె కారు కౌంటర్లలో కొందరు ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా అడుగుతారు కాబట్టి బయలుదేరే ముందే ఇక్కడి ఆర్టీఏలో తీసుకోండి. ఏడాది చెల్లుతుంది, పాస్‌పోర్టు, వీసా కాపీలు పట్టుకెళ్ళాలి. తమ్ముడి కారే నడిపేటట్లయితే వాళ్ళ ఇన్సూరెన్స్‌లో మీరు కవర్ అవుతారో లేదో అతన్ని ఫోన్ చేసి కనుక్కోమనండి. తేదీలు ఖాయమయ్యాక ఇక్కడే రాయండి, ఆ వారం పోటు ఎన్ని గంటలకో చూసి ఏ పొద్దున వెళ్తే మంచిదో చెప్తాను.